కింద కూర్చుని చెప్పాలి

"లేవండి సార్, బాగుండదు," అంది నసూనా.

పెద్ద డాక్టరు ముసోకె లేవలేదు. మసాకా జిల్లా వైపు ఆడవాళ్ళు పలకరించేటప్పుడు మోకరిల్లినట్టే, గది మధ్య నేల మీద మోకరిల్లి ఉన్నాడు.

"సార్ ఎవరు? నేను రోగి పెళ్ళాన్ని. అరటితోట వదిలేసి బస్సెక్కి వచ్చాను. చెప్పు డాక్టరమ్మా, నా మొగుడికి ఏమైంది?"

నసూనాకు నవ్వొచ్చింది. వెంటనే పోయింది. కిందటి వారం ఒక ముసలాయన కొడుకులకు వార్డు గుమ్మంలో నిలబడే "క్యాన్సర్, ముదిరిపోయింది" అని చెప్పి వచ్చేసింది. సాయంత్రానికి వాళ్ళు ఆయన్ని నాటువైద్యుడి దగ్గరికి మోసుకుపోయారు. నొప్పి తగ్గే మందు లేక అరిచి అరిచి పోయాడట.

రేపు ఒక రోగి ఇల్లాలు వస్తోంది. ఆమెకు నసూనాయే చెప్పాలి, అందుకే ఈ సాధన. రోగిని తనింకా చూడలేదు. అతనికి అంతా తెలుసు, ఆమెకే తెలియదు అన్నాడు ముసోకె. ఆమె కూడా మొగుణ్ణి తీసుకుపోతే అతనికీ అదే చావు.

"మీ ఆయనకు కాలేయంలో గడ్డ ఉందమ్మా."

"కోసెయ్యండి మరి."

"వీల్లేదు. బాగా పాకింది."

"ఇక నీ చదువెందుకు?" ముసోకె గొంతు కీచుమంది. "మా మేనమామ వేరుమందు ఇస్తాడు. తీసుకుపోతా."

"తీసుకుపోకూడదు."

"తప్పు," అన్నాడు తన మామూలు గొంతుతో. "కూడదంటే ఇంకా మొండికేస్తుంది. ముందు కింద కూర్చో."

నసూనా నేల మీద కూర్చుంది.

"ఆయన బతకడమ్మా. ఈ మాట చెప్పడం నాకూ కష్టంగానే ఉంది. కానీ నొప్పి లేకుండా చూసుకుంటాం. ఆ మందు మా దగ్గరుంది. మీ మేనమామను ఇక్కడికే రమ్మనండి, నేనేమీ అనను."



"ఆయనకు తెలుసా?" అన్నాడు ముసోకె, ఆ ఇల్లాలి గొంతుతోనే.

"తెలుసమ్మా."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

నసూనా తడుముకుంది. "ధైర్యం చాలక."

ముసోకె బల్ల అంచు పట్టుకుని మెల్లగా లేచాడు. మోకాళ్ళ దుమ్ము దులుపుకున్నాడు.

"ఇలాగే చెప్పు తల్లీ, రేపు వచ్చేది మా ఆవిడ."