నీడ ఎటు పడింది

“మళ్లీ చెప్తున్నానయ్యా, అది ఉత్తుత్తి చావు. మా నాన్న కావాలనే అలా పడ్డాడు,” అంది కసిల్దా, కాఫీ తాగుతున్న ఫెర్మీన్ బల్ల ముందు నిలబడి.

ఫెర్మీన్‌కి ఒళ్లు మండింది. మాడ్రిడ్ నుంచి వచ్చి మూడు రోజులైంది, మూడు రోజులూ ఈమె పోరే. పాత యుద్ధ ఫొటోల నిజానిజాలు తేల్చడం అతని వృత్తి. పందొమ్మిది వందల ముప్పై ఆరు నాటి ఈ అంతర్యుద్ధపు ఫొటోలో, ఊరి కొండ మీద జరిగిన దాడిలో గుండు తగిలి వెనక్కి ఒరుగుతున్నవాడు ఈ ఊరి ఆలివ్ కూలీ జోయిలో. శవం దొరకలేదు, సమాధి లేదు. అతను పోయాడనడానికి ఈ ఫొటో ఒక్కటే సాక్ష్యం. ఇది అసలుదేనని ఫెర్మీన్ సంతకం పెడితే ఆదివారం మ్యూజియం తెరుస్తారు, రాతి పలక మీద జోయిలో పేరు చెక్కిస్తారు.

కాదంటున్నది స్వయానా కూతురు. ఎండకి కమిలిన ముఖం చూస్తే డెబ్బై దాటినట్టుంది. ఈ వయసులో తండ్రి మీద ఇంత కక్షేమిటో!

“ఆ ఇంటి మాట పట్టించుకోకండి ప్రొఫెసర్‌గారూ,” అన్నాడు మేయర్ ఎవేలియో, ఇద్దరి మధ్యకీ కుర్చీ లాక్కుని. “వాళ్లమ్మతో ఊళ్లో ఎవరికీ మాటల్లేవు. ఒంటరి మనిషి, అయినా మా అమ్మ కొట్లో రోజూ రెండు రొట్టెలు కొనేది. ఏమ్మా వీరుడి కూతురా, అంతేగా?”

పక్క బల్లల వాళ్లు ముసిముసిగా నవ్వారు. కసిల్దా అటు చూడనే లేదు.

“రోజూ పొద్దున్నే కొండెక్కుతున్నారు. ఒక్కసారి సాయంత్రం రండి. మళ్లీ మీ జోలికి వస్తే అడగండి.”

ఆ చివరి మాటకి ఆశపడే ఫెర్మీన్ బయల్దేరాడు. దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాడు.

పైన ఫొటో పట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా తూర్పు శిఖరం. నీడలన్నీ దానివైపే సాగుతున్నాయి. ఫొటోలోనూ అంతే, అంటే అదీ సాయంత్రమే. కానీ దాడి జరిగింది తెల్లవారుజామున, మధ్యాహ్నానికల్లా కొండ ఖాళీ. ఫొటో తిరగబడి అచ్చయిందేమోనని తుపాకీ చూశాడు. గుండు ఎక్కించే బోల్టు ఉండాల్సినట్టే కుడివైపు ఉంది. తను ఎక్కిన మూడు ఉదయాలూ మబ్బు పట్టి నీడలే పడకపోతే, శిఖరం గీత ఫొటోతో సరిపోయింది చాల్లే అనుకున్నాడు. ఇంత చదువూ ఏ గంగలో కలిసిందో.

“నటనే,” అన్నాడు. ఈసారి విసుగు తనమీదే. “దాడికి ముందే ఏదో సాయంత్రం తీసింది. మీ నాన్న ఈ ఫొటోలో చావలేదు. రాసిస్తాను.”

కసిల్దా ఉన్నచోటే కూలబడి భోరున ఏడ్చింది.

“మ్యూజియం పోయె, పలక పోయె. ఇక ఊరంతా నన్ను తిడుతుంది,” అన్నాడు ఫెర్మీన్ చిరాగ్గా. “కన్నతండ్రిని వీరుడు కాకుండా చేసుకుని ఏం బావుకున్నారమ్మా?”

ఆమె ముక్కు చీదుకుని లేచింది. “నేను చెప్తే అమ్మ కోసం అబద్ధమాడుతున్నానంటారయ్యా. అందుకే మీ నోట రావాలని మీ వెంట పడ్డాను. అమ్మ కొన్న ఆ రెండో రొట్టె నాన్నకే,” అంది.

“నేను పుట్టింది నలభై మూడులో.”