పళ్లెంలో బిస్కెట్లు

"ఎవరు ఉప్పందించారు సార్?" బేకరీ యజమాని పక్క దుకాణం వైపు అనుమానంగా చూశాడు.

"తనిఖీకి ఒకరు చెప్పాలా?" ఆహార భద్రతా అధికారి బిస్కెట్ ప్యాకెట్ల మీద తయారీ తేదీలు చదివాడు. అన్నీ నిన్నటివే.

యజమాని తల్లి పళ్లెం తెచ్చింది. "ఎండన పడి వచ్చావు, తిను నాయనా."

అధికారి ముట్టుకోలేదు. "ఇవీ అరలోవేనా?"

"అయ్యో, నీకు అవెందుకు పెడతాను? ఇంట్లోకి విడిగా చేసుకున్నాం."

"అమ్మా!" అన్నాడు కొడుకు.

అధికారి ఒక ప్యాకెట్ మీది తేదీ చీటీని గోటితో గీకాడు. అడుగున నాలుగు నెలల కిందటి తేదీ ఉంది.

"గడప తొక్కినవాడికి మంచివి పెట్టడం తప్పా?"

"కొనేవాళ్లు తొక్కేదీ ఈ గడపే కదమ్మా?"



"లైసెన్సు పోతుందే," కొడుకు గొణిగాడు.

ఆమె వెనకగది తలుపు తెరిచింది. "ఇక్కడివి కూడా రాసుకో నాయనా."