చివరి సైకిల్

"మళ్ళీ తయారయ్యాడ్రా మన బంక!"

యోవానీ మాటకి మిగతా ముగ్గురూ పకపకా నవ్వారు.

చికమోచా లోయ అడుగున, వంతెన పక్కన ఆ ముసలాయన పాత ఇనప సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నలుగురూ సైకిళ్ల మీద కదలగానే వాళ్ల వెనకాల చేరాడు. ప్రతి ఆదివారం ఇదే వరస. పైకెక్కాక కొట్లో గ్లాసుడు బెల్లం నీళ్లు తాగి, చెప్పకుండా వెళ్లిపోతాడు.

మా దగ్గర జట్టుగా తొక్కేవాళ్లకి ఒక పద్ధతుంది. ముందున్నవాడు ఎదురుగాలి మొత్తం తనే భరిస్తాడు, వెనకున్నవాళ్లకి సుఖం. అందుకే వంతులేసుకుంటారు. ఈయన మూడేళ్లలో ఒక్కసారీ ముందుకి రాలేదు. బంక అన్న పేరు అలా వచ్చింది. అసలు పేరు ఎవరూ అడగలేదు.

ఆ రోజు యోవానీకి ఓపిక నశించింది. వచ్చే నెలలో రాష్ట్ర జట్టు ఎంపిక పోటీ. నలుగురిలో నెగ్గే సత్తా ఉన్నది తమ్ముడు దుబాన్ ఒక్కడికే.

సైకిల్ ఆపి వెనక్కి తిరిగాడు.

"పెద్దాయనా, రోడ్డు చూశారా? అడుగడుక్కీ గుంటే. మీరేమో హ్యాండిల్ వదిలి చెయ్యి పైకెత్తుతారు. మలుపు రాగానే మధ్యకి జరుగుతారు. ఎవర్ని పలకరిస్తున్నారు, మేకల్నా?"

"అలవాటైపోయింది బాబూ."

"మీరు పడితే మీ ఇష్టం. మావాణ్ణి పడేస్తే?"

"ముందుండి తొక్కే బలం నాకు లేదు. వెనకాల ఒకడుంటే మీకే..."

"వెనకాల మాకెవరూ అక్కర్లేదు. మా చాటున దాక్కుని తొక్కడానికి సిగ్గుగా లేదూ?"

ముసలాయన టోపీ సర్దుకుని సైకిల్ వెనక్కి తిప్పుకున్నాడు.

దుబాన్‌కి పాపం అనిపించింది. కానీ అన్నకి ఎదురు చెప్పలేదు.

పై ఆదివారం వంతెన దగ్గర ఎవరూ లేరు.

"పీడ విరగడైంది," అన్నాడు యోవానీ.

కొండెక్కడం మొదలైంది. ఆఖర్న దుబాన్. నలుగురి కళ్లూ గుంటల మీదే.

ఏడో మలుపులో వెనక నుంచి సరుకు లారీ వాళ్లని దాటబోయింది. అప్పుడే పైనుంచి బస్సు దిగింది. లారీ చటుక్కున కుడికి, సైకిళ్ల వైపు, కోసింది. దుబాన్‌కి చోటు మిగల్లేదు. విరిగిన రోడ్డు అంచు మీద నుంచి రాళ్లలో పడ్డాడు.

ప్రాణం దక్కింది. భుజం ఎముక రెండు ముక్కలైంది. పోటీ సంగతి అక్కడితో సరి.

లారీ డ్రైవరు పరుగెత్తుకొచ్చాడు. యోవానీ అతని చొక్కా పట్టుకున్నాడు.

"కళ్లు నెత్తికెక్కాయా? మలుపులో ఎవడైనా దాటుతాడా?"

డ్రైవరు నలుగురినీ ఒక్కొక్కరినీ చూశాడు.

"మీ ముసలాయనేడి?"

"ఆయనతో నీకేం పని?"

"మలుపు మలుపుకీ మధ్యకి జరిగి, ముందు చూసేవాడయ్యా. ఎదురుగా బండి ఉంటే చెయ్యెత్తి మమ్మల్ని ఆపేవాడు. మూడేళ్లుగా ఈ దారిలో లారీలన్నీ ఆ చెయ్యి చూసే నడుస్తున్నాయి."

యోవానీ చొక్కా వదిలేశాడు.

"ఆఖరి సైకిల్ ఆయనదే అనుకున్నా," అన్నాడు డ్రైవరు. "చెయ్యి లేవలేదు. దారి ఖాళీగా ఉందనుకున్నా."