సారిక పేరు రాసిన డబ్బా

"ఆ మెసేజ్ పొరపాటున వచ్చింది. డిలీట్ చెయ్యి," అన్నాడు రాజ్ కుమార్.

కృపారాణి ఫోను గుండెకి అదుముకుంది. మూడో తరగతి టీచరు మీనాకుమారి పంపిన మెసేజ్ అది. శనివారం స్కూల్లో క్రిస్మస్ కార్నివాల్. మసాలా కప్ కేకులు రెండు డజన్లు చేసి తేవాలట. డబ్బా మీద పిల్ల పేరు, క్లాసు రాయాలట. "సారిక మదర్ గారికి" అని మొదలుపెట్టింది టీచరు.

సారిక డెంగీతో పోయి నాలుగు నెలలైంది.

"చేస్తాను," అంది కృపారాణి.

ఆ నాలుగు నెలల్లో భర్తతో ఆవిడ అన్న మొదటి మాట అది. మామూలు జ్వరమే, రేపు చూద్దాం అని ఒక రోజు ఆలస్యం చేసిన మనిషితో ఇంక మాటలేంటని మానేసింది. మంచం దిగడమూ మానేసింది. పక్కింటి సువార్తమ్మ వచ్చి నాలుగు ముద్దలు నోట్లో పెడితే తినేది, లేకపోతే లేదు.

"ఎవరి కోసం చేస్తావు? లేని పిల్ల పేరు రాసుకుని వెళ్తే నలుగురూ ఏమనుకుంటారు?"

కన్నతండ్రి అనాల్సిన మాటేనా అది! కృపారాణికి ఒళ్ళు మండిపోయింది.

"ఏమైనా అనుకోనివ్వండి. ఆ టీచరు గారికైనా నా పిల్ల గుర్తుంది. మీకే లేదు."

"ఇంట్లో మైదా లేదు."

"తీసుకురండి."

"నేను తేను. అంత కావాలంటే నువ్వే వెళ్ళి తెచ్చుకో."

లేచింది. నాలుగు నెలల తర్వాత తలంటు పోసుకుంది, చిక్కులు పడ్డ జుట్టు దువ్వుకుంది, బజారుకి వెళ్ళింది. కిరాణా కొట్టు కుక్కుటేశ్వరరావు గారు ఆవిడని చూసి ఏం మాట్లాడాలో తెలియక, "దాల్చినచెక్క కొత్త సరుకమ్మా, ఇవాళే దిగింది," అన్నాడు. మైదా, బెల్లం, గుడ్లు, లవంగాలు, జాజికాయ కట్టి, అడక్కుండానే గుప్పెడు ఏలకులు సంచిలో పోశాడు.

ఇంట్లో ఓవెన్ లేదు. కుక్కర్ అడుగున ఇసుక పోసి, రబ్బరూ వెయిటూ తీసేసి, వాయికి ఆరు కప్పుల చొప్పున పెట్టింది. మొదటి వాయి అడుగంటింది.

"మాడు వాసన వీధిలోకొస్తోంది. చెప్తే విన్నావా?" గుమ్మంలో నిలబడి అన్నాడు రాజ్ కుమార్.

"మీ పని మీరు చూసుకోండి."

రెండో వాయికి సెగ కుదిరింది. ఇల్లంతా జాజికాయ, దాల్చినచెక్క వాసన. అయినా ఆ మనిషి ఊరుకుంటేగా!

"లవంగం ఎక్కువైనట్టుంది."

"తినకుండా ఎలా తెలిసింది?"

"నేను తిననుగాక తినను."

"తినకపోతే మానండి!" అని తనే ఒకటి విరిచి నోట్లో వేసుకుంది. లవంగం సరిగ్గానే ఉంది. ఇంకొకటి తింది. ఎంత ఆకలిగా ఉందో అప్పుడు తెలిసింది. సారిక అయితే పైన పొంగిన భాగం గిల్లుకు తిని కిందది వదిలేసేది. ఆ మాట తలుచుకోగానే పొయ్యి ముందు కూలబడి గొంతెత్తి ఏడ్చింది. ఆసుపత్రిలో కూడా అంత ఏడుపు రాలేదు. రాజ్ కుమార్ ఓదార్చలేదు. ఖాళీ బకెట్ తీసుకుని పెరట్లోకి పోయాడు. ఎంతకీ రాలేదు.

శనివారం పొద్దున్న డబ్బా మీద "సారిక, 3-బి" అని స్కెచ్ పెన్నుతో రాసింది.

"బండి మీద దింపుతారా?"

"నేను రాను. వెళ్ళద్దన్నానా, ఆ పైన నీ ఇష్టం."

ఈ మనిషి కన్నా రాయి నయం, అనుకుంది. రావులపాలెం వెళ్ళే ఆటోలో అరటి గెలల మధ్య ఇరుక్కుని, డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఒక్కతే వెళ్ళింది.

స్కూలంతా బెలూన్లు, మైకులో పాటలు. మూడో తరగతి వాళ్ళ బల్ల దగ్గర పిల్లలు సీసాల మీదకి రింగులు విసురుతున్నారు. మీనాకుమారి ఎదురొచ్చి డబ్బాని రెండు చేతులా అందుకుంది. బల్లకి ఒక పక్కన, పేరు అందరికీ కనపడేలా పెట్టింది. సారిక స్నేహితులు మూగారు. పది నిమిషాల్లో డబ్బా ఖాళీ. ఒక పిల్ల మూతి తుడుచుకుంటూ, "ఆంటీ, లంచ్‌లో సారిక పక్కన నేనే కూర్చునేదాన్ని," అంది. కృపారాణి ఆ పిల్ల తల నిమిరింది. నాలుగు నెలల్లో తన కూతురి పేరు ఎవరూ ఇంత మామూలుగా అనలేదు.

అప్పుడు బల్ల మీదకి చూసింది.

"మిగతా పిల్లల డబ్బాలు ఇంకా రాలేదాండీ?"

మీనాకుమారి ఖాళీ డబ్బాకి మూత పెట్టింది.

"వాళ్ళనెవర్నీ అడగలేదండి. మా క్లాసుకి రింగులాటే ఇచ్చారు."

"మరి నాకెందుకు మెసేజ్ పెట్టారు?"

"మీవారు సోమవారం స్కూలుకొచ్చి, అలా పెట్టమని బతిమాలారండి."

"ఆయనా?" కృపారాణి నమ్మలేదు. "చెయ్యద్దని వారమంతా నాతో పోట్లాడారండీ!"

"పోట్లాడతానని ముందే చెప్పారు," మీనాకుమారి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "‘ఎంత బతిమాలినా పలకడం లేదు మేడమ్, తిట్టడానికైనా నాతో నోరు విప్పుతుందేమో’ అన్నారండి."