ఎడమ పక్క

“జర అటు జరుగు బిడ్డా,” అంటూ వాచ్‌మన్ పర్శరాములు సుదర్శన్ ఎడమ పక్కన చతికిలబడ్డాడు.

వాటర్ క్యాన్ పెట్టి పోవడానికి వచ్చిన మనిషి. క్యాన్ ఇంకా గుమ్మం దగ్గరే ఉంది.

‘సార్’ అనాల్సిన నోరు ‘బిడ్డా’ అన్నందుకు సుదర్శన్‌కు చిర్రెత్తింది. కానీ అప్పటికే కోపపడే ఓపిక కూడా లేదు.

రెండు రోజులుగా నేల మీద ఇదే కుస్తీ. ఆ రోజు కూతురు హారికకు ఏడో పుట్టినరోజు. కిందటేడు ఆఫీసు కాల్‌లో ఇరుక్కుని కేకు కోసే వేళకు రాలేకపోయాడు. ఈసారి నా చేతులతో కారు చేసిస్తానని మాటిచ్చాడు. ఎనిమిది వందల ప్లాస్టిక్ ఇటుక ముక్కలు, బొమ్మలే తప్ప ఒక్క అక్షరం లేని పుస్తకం. మడికొండ ఐటీ పార్కులో పదిమందికి పని చెప్పే మనిషికి ఒక చక్రం బిగించడం చేతకాలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు పొద్దటి నుంచి పుస్తకాన్ని తిడుతున్నాడు.

“నువ్వు కుడి పక్క కట్టు. నేను ఎడమ పక్క కడ్త. నడుమల కలుద్దాం,” అన్నాడు పర్శరాములు.

“ఇది ఇంతకుముందు చేసినవా?”

“ఇయ్యాలనే చూస్తాన.”

పుస్తకం వైపు చూడనైనా లేదు. సుదర్శన్ కట్టింది చూస్తూ, దాన్ని అద్దంలో పెట్టినట్టు తన పక్క కట్టుకుంటూ పోయాడు. కాయలు కాచిన వేళ్లు ఎక్కడా తడబడలేదు. ఉన్నట్టుండి ఆగాడు.

“ఆగినవేంది?”

“నువ్వు గూడ రావాలె గద. ఒక్కడే ఉరికితె వంకరొస్తది.” కాసేపు చూసి మళ్లీ అన్నాడు. “నీ దిక్కు ఒక వరుస తప్పింది. విప్పు.”

చేసిన తప్పు కంటే చూపించిన వేలు మీదే మనిషికి కోపం ఎక్కువ.

“ఇది నా బిడ్డకు నేనొక్కన్నే చెయ్యాలె. గేటు ఇడిచిపెట్టి ఇండ్లల్ల కూసునేటందుకు పెట్టుకున్నమా నిన్ను?”

పర్శరాములు మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా లేచాడు.

“తప్పయింది సార్.”

క్యాన్ వంటింట్లో పెట్టి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి వెళ్లాడు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. సుదర్శన్ ఫోన్ తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక్క లైను రాశాడు: ‘వాచ్‌మన్ గేటు వదిలి ఫ్లాట్లలో కూర్చుంటున్నాడు.’

సెక్రటరీ కృష్ణమోహన్ ఇలాంటి వాటికి చెవి కోసుకునే రకం. మధ్యాహ్నానికల్లా గేటు దగ్గర కొత్త మనిషి నిలబడ్డాడు.

సుదర్శన్ అతన్ని బాల్కనీలోంచి చూశాడు. నాలుగు చివాట్లు పడతాయనుకున్నాడు గానీ, ముసలాయన పొట్ట మీద కొడతారనుకోలేదు. సాయంత్రం సెక్రటరీతో మాట్లాడదాంలే, ముందు కారు కావాలి, అని తనకు తాను సర్ది చెప్పుకున్నాడు.

ముసలాయన చెప్పిన వరుస నిజంగానే తప్పింది. విప్పి కట్టగానే రెండు పక్కలూ నడుమ వచ్చి గీత గీసినట్టు కలిశాయి. చక్రాలు తిరిగాయి.

“డాడీ, మొత్తం నువ్వే చేసినవా?” అంది హారిక కారును గుండెకు హత్తుకుని.

“ఆ, నేనే.”

ఆ మాట నోట్లోనే చేదయింది.

కేకు కోసే వేళకు సుదర్శన్ తల్లి సమ్మమ్మ కొత్తవాడ నుంచి ఆటోలో వచ్చింది. చెప్పులు విడవకముందే అడిగింది.

“గేటు కాడ పర్శరాములు కనవడడేందిరా?”

“నీకెట్ల తెలుసే ఆయన?”

సమ్మమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. “ఈడ పనికి కుదిరి రెండు నెల్లాయె, నువ్వు గుర్తే పట్టలేదా? మీ నాయన జోడీ గదరా. పెద్ద జంపఖానా ఒక్కడు నేస్తడా? మగ్గం మీద కుడి పక్క మీ నాయన, ఎడమ పక్క ఆయన. ఇరవై ఏండ్లు గట్లనే కూసున్నరు. మీ నాయన పోయినంక ఇంకొకల పక్కన కూసోలేక మగ్గమే ఇడిచిపెట్టిండు.”

పదో ఏట హాస్టల్‌కు వెళ్లకముందు చూసిన నల్లజుట్టు మనిషి ఒకడు సుదర్శన్‌కు లీలగా మెదిలాడు. ఈ రెండు నెలలూ యూనిఫాం చూశాడు, ముఖం చూడలేదు.

“నాకెందుకు చెప్పలేదే?”

“వద్దని ఒట్టేయించుకున్నడు. ‘పిలగాడు పెద్ద కొలువుల ఉన్నడు, వాచ్‌మన్ మనోడంటే నలుగుట్ల ఇబ్బందైతది’ అన్నడు.”

సుదర్శన్ తలెత్తకుండా జరిగింది చెప్పాడు. గ్రూపులో రాసిన లైనుతో సహా చెప్పాడు. సమ్మమ్మ వెంటనే పర్శరాములుకు ఫోన్ కలిపింది. అవతల ఎత్తింది పర్శరాములు భార్య యాదవ్వ.

“ఈడ ఇంకెవలిస్తరు పని అని బొంబాయి దిక్కు భీవండికి పోయిండక్కా, అల్లుని కాడికి. గంటాయె కాజీపేటల రైలెక్కి. ఫోన్ నాకే ఇచ్చిపోయిండు.”

సుదర్శన్ తల్లి వైపు తిరిగాడు.

“ఒక్క మాట చెప్తే ఏం పోయేదే అమ్మా, నాయన జోడీ అని.”

“జోడీ ఒక్కటే గాదు కొడుకా,” అంది సమ్మమ్మ, గొంతు తగ్గించి. “నీ కాలేజి ఆఖరి రెండేండ్లు మీ నాయనకు చెయ్యి పడిపోయింది. తెలిస్తే చదువు ఇడిచి వస్తవని నీకు చెప్పలే, సెలవులకు గూడ రానియ్యలే. ఆ రెండేండ్లు రెండు పక్కలు ఆయనొక్కడే నేసి, సగం కూలి మనింట్ల ఇచ్చి, అడిగినోళ్లకల్ల ఇద్దరం నేసినమనే చెప్పిండు.”