గంట మోగేదాకా

"కూర్చో. ఇంకా గంట మోగలేదు," అంది అక్క.

చెల్లెలు కూర్చోలేదు. చేతిలోని పుస్తకాన్ని బల్ల మీదికి విసిరింది. అది జారుకుంటూ వెళ్ళి నీళ్ళ గ్లాసుకు తగిలి ఆగింది.

పది నిమిషాలు చదువు, ఐదు నిమిషాలు విరామం. టీచరు పెట్టిన పద్ధతి అది. చదివేటప్పుడు కుర్చీలోంచి లేవకూడదు, విరామంలో పుస్తకం ముట్టకూడదు. వంటింటి టైమరు తిప్పే పని అక్కది. మిషను మీద కుట్టు సగంలో వదిలేసి, రోజూ తిట్లు తినడానికి వచ్చి కూర్చుంటోంది.

"ఈ వయసులో వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కోవాలా నేను? ఎదురింటి చంటిది నయం, గడగడా చదివేస్తోంది."

"దానికి నీ అంత పొగరు లేదు. రానిచోట ఆగి అడుగుతుంది."

"లైను చివరికొచ్చేసరికి మొదలు ఎగిరిపోతోంది. ఇంత పొడుగు వాక్యాలు రాసినవాళ్ళని ముందు తన్నాలి."

"ఇదే పుస్తకం కావాలని కూర్చున్నది నువ్వు. పిల్లల వాచకం తెస్తే చింపబోయావు."

చెల్లెలు తల వెనక కుట్ల మచ్చను కసిగా గీరుకుంది. మరుక్షణం టైమరు అందుకుని గోడకేసి కొట్టింది. అది దొర్లుకుంటూ మంచం కిందికి పోయి, అక్కడా టిక్కుటిక్కుమంటూనే ఉంది.

అక్కకు ఒళ్ళు మండిపోయింది.

"సరే, మానెయ్. మందు సీసా మీద ఏముందో నేనే చెబుతాను. బస్సు బోర్డు చదవడానికి నీ వెనకాలే తిరుగుతాను. నేను పోయాక ఎవరు చదివిపెడతారో అదొక్కటీ నువ్వు చూసుకో."

చెల్లెలు పుస్తకాన్ని దగ్గరికి లాక్కుంది. తర్వాత కుర్చీని బర్రున లాక్కుని కూర్చుంది.

"చదివితే నోరు మూస్తావా?"

"మూస్తాను."

"వా... న. వాన. వె... లి..."

నుదుట చెమట పట్టింది. అక్క పెదవులు కదిలాయి గానీ మాట అందించలేదు. మంచం కింద గంట మోగింది. విరామం. చెల్లెలు లేవలేదు. వేలు జరుపుతూనే ఉంది. ఆ లైను కొసకు వెళ్ళింది, మళ్ళీ మొదటికొచ్చింది. ఈసారి ఎక్కడా ఆగలేదు.

"వాన వెలిశాక కూడా చూరు చాలాసేపు మాట్లాడుతూనే ఉంది."

"బావుంది," అంది అక్క.

"ఏం బావుంది?" చెల్లెలి కోపం ఇంకా దిగలేదు. "ఆ 'చాలాసేపు' దండగ. కొట్టెయ్యాల్సింది."

తలకు ఆ కుట్లు పడకముందు, ఆ పుస్తకం రాసింది చెల్లెలే.