వేపాకు చేదు

జొన్నచేలో పాము కరిచిన మద్దిలేటిని ఎద్దులబండిలో ఆళ్లగడ్డ నుంచి నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోతున్నారు. యుద్ధం వచ్చి, పెట్రోలు దొరక్క బస్సులు ఆగిపోయాయి.

బండి తోలుతున్న అన్న తన చెల్లెలు సుంకమ్మకు వేపాకు అందించాడు. "నీ మొగునికి నమిలించు. చేదు తెలిస్తే ఇసమెక్కనట్టే."

సుంకమ్మ ఆకులు మొగుడి నోట్లో పెట్టింది. "ఎట్లుండాది మామా?"

"చేదుగానే ఉండాదిలే. ఏడ్సొద్దు."

అన్న ఊపిరి పీల్చుకుని, అలిసిన ఎద్దులను నెమ్మదిగా నడవనిచ్చాడు.

మద్దిలేటి మాత్రం ఆ ఆకులను తమలపాకు నమిలినట్టు నములుతూనే ఉన్నాడు. కాకరకాయ ముక్క నాలుకకు తగిలితేనే ఉమ్మేసే మనిషి! సుంకమ్మ అన్న భుజం పట్టుకుని ఊపింది.

"అన్నా, ఎద్దుల్ని కొట్టు!"

"చేదుండాదన్నాడు గదమ్మా?"

"కొట్టన్నా, నీ కాళ్లు మొక్కుతా!"

మద్దిలేటి ఆమె కళ్లలోకి చూడలేక మొహం పక్కకు తిప్పుకున్నాడు.